కంపెనీ కాకముందు జట్టు కావాలి: ఐటీ శాఖ మంత్రి గారికి ఒక గేమ్ డెవలపర్ బహిరంగ లేఖ

తెలంగాణ రాష్ట్ర ఐటీ, పరిశ్రమల శాఖల మంత్రి గారికి,

గౌరవపూర్వక నమస్కారాలు.

నేను హనుమకొండలో ఉంటాను. పగటిపూట సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసుకుంటూ, రాత్రిళ్లూ ఆదివారాలూ ఒక చిన్న వీడియో గేమ్ తయారు చేస్తున్నాను. అందులో ఆటగాడు ఒక ఊరి నీరటి. కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువుల్లో పై చెరువు మత్తడి దూకిన నీళ్లు కింది చెరువుకు చేరుతుంటే, ఏ తూము ఎప్పుడు తెరవాలో, ఏ పొలానికి ఎంత పారించాలో, కట్ట తెగకుండా ఎట్లా కాచుకోవాలో అతడే తేల్చుకోవాలి. దీనికి కావలసిన కోడ్ నేను రాయగలను. బొమ్మలు వేయలేను, సంగీతం కట్టలేను, నీరటి నోట పలకాల్సిన మాటలను మా నాయనమ్మ మాట్లాడినంత సొంపుగా రాయలేను. నాకు తోడు మనుషులు కావాలి. ఆ మనుషులు దొరికే దారి గురించే మీకు ఈ ఉత్తరం రాస్తున్నాను.

పెద్ద స్టూడియో గానీ పబ్లిషర్ పెట్టుబడి గానీ లేకుండా ఇద్దరు ముగ్గురో, పది మందో కలిసి సొంతంగా చేసుకునే గేమ్‌ను ఇండీ గేమ్ అంటారు. అన్నీ ఒక్కరే చేసిన సందర్భాలు లేకపోలేదు. 2016లో వచ్చిన స్టార్‌డ్యూ వ్యాలీకి కోడ్, బొమ్మలు, సంగీతం, కథ అన్నీ ఎరిక్ బరోన్ ఒక్కడే నాలుగేళ్లకు పైగా కూర్చుని సమకూర్చాడు. ఆ సంగతి చదివి మన పిల్లలు ఎంతోమంది ఒంటరిగా మొదలుపెట్టి, సగంలోనే వదిలేయడం నేను చూస్తూనే ఉన్నాను. మన నేల కథలతో పేరు తెచ్చుకున్న గేములు మాత్రం జట్లు చేసినవే. హైదరాబాద్‌లోని ఓగర్ హెడ్ స్టూడియో 2017లో అసురను విడుదల చేసింది. పుణేలోని నోడింగ్ హెడ్స్ గేమ్స్ 2020లో రాజీ అనే గేమ్‌ను తెచ్చింది. టొరంటోలోని ఒక చిన్న బృందం, కెనడాకు వలస వెళ్లిన తమిళ కుటుంబపు వంటింటినే గేమ్‌గా మలిచిన వెన్బాకు 2024లో తొలి గేమ్ విభాగంలో బ్రిటన్‌లో ఇచ్చే బాఫ్టా పురస్కారం దక్కింది. ఇడ్లీ ఎట్లా వండాలో కనిపెట్టడం ఒక ఆట కాగలిగినప్పుడు మన చెరువు, మన జాతర, మన నేతమగ్గం కూడా ఆటలు కాగలవని నేను నమ్ముతున్నాను.

బొమ్మలు వేసే తోడు కోసం నేను పద్నాలుగు నెలలు వెతికాను. డిస్కార్డ్‌లో, వాట్సాప్ గ్రూపుల్లో, ఫేస్‌బుక్‌లో ఎక్కడ చూసినా ఒకే తీరు ప్రకటనలు ఉంటాయి: మంచి ఐడియా ఉంది, ప్రోగ్రామర్ కావాలి, గేమ్ అమ్ముడయ్యాక వాటా ఇస్తాం. వాటికి జవాబిచ్చే ప్రోగ్రామర్‌కు అవతలి మనిషి పని తెలియదు, అడిగేవాడికి ఇతని ఓపిక తెలియదు. నాలుగు రోజులు మెసేజ్‌లు నడుస్తాయి, ఐదో రోజు ఒకరు జవాబివ్వడం మానేస్తారు. ఇందులో ఎవరి మోసమూ లేదు. ముఖం చూడని మనిషితో రెండేళ్ల పనికి ఒప్పుకోవడం ఎవరికైనా కష్టమే.

సినిమా పరిశ్రమలో 24 క్రాఫ్టులు ఉంటాయని మనం అలవాటుగా చెప్పుకుంటాం. ఆ క్రాఫ్టుల వాళ్లంతా ఒకరికొకరు ఎట్లా దొరికారంటే, హైదరాబాద్‌లో కృష్ణానగర్ ఉంది కాబట్టి దొరికారు. అవకాశం కోసం ఊరు విడిచి వచ్చిన రచయిత, అసిస్టెంట్ డైరెక్టర్, మేకప్ మనిషి, జూనియర్ ఆర్టిస్టు ఒకే టీ కొట్టు ముందు నిలబడి ఒకరి పని గురించి ఒకరు తెలుసుకున్న చోటు అది. దాన్ని ఎవరూ ప్రణాళిక వేసి కట్టలేదు, అక్కడి బతుకులు తేలికైనవీ కావు. అయినా గేమ్ చేయాలనుకునే మనిషికి ఆపాటి చోటు కూడా లేదు. ఖమ్మంలో సంగీతం కట్టే అమ్మాయికి, మాసబ్‌ట్యాంక్‌లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీలో యానిమేషన్ చదివే అబ్బాయికి, వరంగల్ నిట్‌లో గేమ్ ఇంజిన్లతో, అంటే గేములు తయారు చేసే సాఫ్ట్‌వేర్లతో, ప్రయోగాలు చేసే విద్యార్థికి ఒకరున్నట్టు మరొకరికి తెలిసే మార్గం లేదు. ఛోటా భీమ్‌ను పుట్టించిన గ్రీన్ గోల్డ్ సంస్థ ఉన్న నగరంలో బొమ్మలు వేసే చేతులకు కొదువ లేదు. ఐటీ కొలువుల నగరంలో కోడ్ రాసేవాళ్లకూ కొదువ లేదు. ఈ రెండు వర్గాలూ ఒక గదిలో కూర్చునే సందర్భమే రావడం లేదు.

ప్రభుత్వం ఏమీ చేయలేదని నేను అనడం లేదు. యానిమేషన్, గేమింగ్ రంగాల కోసం 2016లోనే ఇమేజ్ పాలసీ వచ్చింది. కొత్త కంపెనీలకు చేయూతనిచ్చే టీ-హబ్ 2015లో మొదలై 2022లో రాయదుర్గంలోని పెద్ద భవనంలోకి మారింది. కరీంనగర్, ఖమ్మం, నిజామాబాద్, మహబూబ్‌నగర్, సిద్దిపేటల్లో ఐటీ టవర్లు లేచాయి. ఇండియా గేమ్ డెవలపర్ కాన్ఫరెన్స్ పలు సంవత్సరాలు హైదరాబాద్‌లోనే జరిగింది. అయితే ఇవన్నీ కంపెనీ అయ్యాక ఆదుకునే ఏర్పాట్లు. సదస్సుకు వెళ్లేవాడి దగ్గర చూపించడానికి ఒక గేమ్ ఉండాలి, ఇంక్యుబేషన్ అడిగేవాడి దగ్గర రిజిస్ట్రేషన్ పత్రం ఉండాలి. మాలో చాలామందికి ఇంకా జట్టే లేదు. జట్టు లేనిదే గేమ్ లేదు, గేమ్ లేనిదే కంపెనీ లేదు. ఆ మొదటి మెట్టు దగ్గర ఆగిపోయినవాళ్లను లెక్కించే రిజిస్టర్ ఏదీ ఉండదు కాబట్టి మా సంఖ్య మీ శాఖ దృష్టికి వచ్చే అవకాశమూ తక్కువే.

కలుసుకోవడం వల్ల ఏమొస్తుందో నా అనుభవమే చెబుతాను. మా గేమ్‌లో అక్షరాలన్నీ తెలుగులోనే ఉండాలని మొదటి నుంచీ పట్టుబట్టాను. తెర మీద "మత్తడి" అన్న మాట వచ్చిన ప్రతిచోటా త కింద ఉండాల్సిన వత్తు విడిపోయి, పొల్లుతో పక్కన పడేది. మూడు వారాలు నానా తంటాలు పడ్డాను. ఒక మిత్రుడి ఇంట్లో అనుకోకుండా కలిసిన మరో డెవలపర్ దాన్ని చూసి, ఇది ఫాంటు లోపం కాదు, నువ్వు వాడే టెక్స్ట్ వ్యవస్థకు అక్షరాలను కలిపి పేర్చే శక్తి లేదు, గోడో 4 అనే గేమ్ ఇంజిన్‌లో ఆ పని చేసే హార్ఫ్‌బజ్ ఉంటుంది, అందులో ప్రయత్నించి చూడు అన్నాడు. పది నిమిషాల మాట అది. ఆ రాత్రే మత్తడి మత్తడిగా కనిపించింది. తెలుగులో గేమ్ చేసే ప్రతి ఒక్కరూ ఈ గోడకే తల కొట్టుకుంటూ, ఎవరికి వాళ్లు ఒంటరిగా దారి వెతుక్కుంటున్నారు. అదే మిత్రుడి ఇంట్లోనే మా మొదటి చిత్రకారుడు కూడా పరిచయమయ్యాడు.

ఇక్కడ ఒక విన్నపం. దయచేసి దీనికోసం పోర్టల్ కట్టించవద్దు. పేరు, ఫోన్ నంబరు, నైపుణ్యం నింపే పట్టిక వల్ల మాకు ఒరిగేది లేదు, అలాంటి పట్టికలు ఇప్పటికే చాలినన్ని ఉన్నాయి. తోటి మనిషి గడువుకు పని ఇస్తాడా, తన బొమ్మ మార్చమంటే నొచ్చుకుంటాడా, చిక్కు వచ్చినప్పుడు చెబుతాడా దాస్తాడా అన్నవి కలిసి పని చేస్తేనే తెలుస్తాయి. అందుకు ఈ రంగంలో వాళ్లు కనిపెట్టిన పద్ధతి గేమ్ జామ్. ఒక అంశం ప్రకటిస్తారు, ముక్కూముఖం తెలియనివాళ్లు నలుగురేసి జట్లుగా కూడి 48 గంటల్లో ఆడదగిన చిన్న గేమ్ ఒకటి చేసి చూపిస్తారు. 2009లో మొదలైన గ్లోబల్ గేమ్ జామ్ ఏటా జనవరి చివర ప్రపంచమంతటా ఇట్లాగే జరుగుతుంది. అక్కడ పుట్టిన గేముల్లో ఎక్కువ భాగం సోమవారానికల్లా మరుగున పడతాయి, దానికి విచారించనక్కర్లేదు. ఆ రెండు రోజుల్లో కుదిరిన స్నేహమే తరవాత రెండేళ్ల పనికి పునాది అవుతుంది.

మేం అట్లాంటి జామ్ ఒకటి మా ఊళ్లోనే పెట్టాలని ఒక కళాశాలను ఆదివారం హాలు అడిగాం. ఉత్తరంలో గేమింగ్ అన్న మాట చూడగానే అక్కడి అధికారి, పిల్లలకు పేకాట నేర్పుతారా అని అడిగారు. ఆయన భయం అర్థం చేసుకోదగినదే. డబ్బు పందేల ఆటలతో ఎన్నో ఇళ్లు గుల్లయ్యాయి. మన రాష్ట్రం 2017లోనే వాటిని నిషేధించింది, 2025లో కేంద్రం కూడా ఆన్‌లైన్ డబ్బు ఆటలను నిషేధిస్తూ చట్టం చేసింది. ఆ నిషేధాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను. అయితే పందెం కాసే ఆటకూ, కథ చెప్పే గేమ్‌కూ ఒకే పేరు ఉండడం వల్ల మాకు తలుపులు మూసుకుపోతున్నాయి. వీడియో గేమ్ తయారీ వేరు, పందేలు వేరు అని మీ శాఖ నుంచి కళాశాలలకూ జిల్లా గ్రంథాలయ సంస్థలకూ ఒక సర్క్యులర్ వెళితే, అటుపై హాలు మేమే అడిగి తెచ్చుకుంటాం.

మరో సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే జట్లు కుదరకపోవడం కంటే కుదిరిన జట్లు విరిగిపోవడమే ఎక్కువ బాధ. మా చిత్రకారుడు ఎనిమిది నెలల్లో నలభై దాకా దృశ్యాలు వేశాడు. ప్రాణం పెట్టి వేశాడు. తరవాత వేరే నగరంలో అతనికి మంచి ఉద్యోగం వచ్చింది. కొత్త యాజమాన్యం ఏమంటుందోనన్న భయంతో, తన బొమ్మలు వాడవద్దని కోరాడు. మా మధ్య కాగితం ఏదీ లేదు. 1957 నాటి కాపీరైట్ చట్టం ప్రకారం, ఉద్యోగంలో భాగంగా కాకుండా, డబ్బు తీసుకోకుండా స్వతంత్రంగా వేసిన బొమ్మకు తొలి హక్కుదారు వేసిన మనిషే. ఆ హక్కును బదిలీ చేయాలంటే సంతకంతో కూడిన లిఖిత పత్రం ఉండి తీరాలి. పత్రం రాసుకున్నా గడువు రాయకపోతే అయిదేళ్లేనని, ప్రాంతం రాయకపోతే భారతదేశం వరకేనని చట్టం భావిస్తుంది. కంప్యూటర్ గేములు అమ్మే ఆన్‌లైన్ దుకాణం స్టీమ్‌లో పెట్టిన గేమ్ మొదటి రోజు నుంచే ప్రపంచమంతా అమ్ముడవుతుంది, పదేళ్ల తరవాత కూడా అమ్ముడవుతూనే ఉండవచ్చు. ఈ రెండు మాటలు రాసుకోని జట్టు, గేమ్ బాగా అమ్ముడైతే చిక్కుల్లో పడుతుంది. స్టీమ్‌లో ఒక గేమ్ పెట్టడానికి కట్టాల్సిన 100 డాలర్లు ఎవరు కట్టారు, అమ్మకం డబ్బు ఎవరి ఖాతాలో పడుతుంది, దాని మీద పన్ను ఎవరిది, మధ్యలో మానేసిన మనిషి వాటా ఎంత అన్నవి మొదటి వారమే నవ్వుతూ తేల్చుకోదగిన విషయాలు. రెండో ఏట అవే పంచాయతీలు అవుతాయి. మేం ఆ నలభై దృశ్యాలనూ పక్కన పెట్టి, మళ్లీ గీయించుకోవడానికి ఏడు నెలలు పట్టింది. ఆ అబ్బాయి మీద నాకు ఏ కోపమూ లేదు, ఇప్పటికీ పండగలకు ఫోన్ చేసుకుంటాం.

అందువల్ల మీ శాఖ, న్యాయశాఖ కలిసి మూడు నాలుగు పేజీల ఒప్పంద నమూనాను సులభమైన తెలుగులో తయారు చేయించి అందరికీ ఉచితంగా అందుబాటులో పెట్టాలని కోరుతున్నాను. ఇల్లు అద్దెకిచ్చేవాళ్లకు తెలిసిన నమూనా ఉంది, గేమ్ చేసే పిల్లలకు లేదు. లాయరు దగ్గరికి వెళ్లే స్తోమత లేని ఇరవై ఏళ్ల విద్యార్థి దాన్ని చదివి, ఖాళీలు నింపి, సంతకం పెట్టగలిగేట్టు ఉండాలి.

స్థలం కొత్తగా కట్టనక్కర్లేదు. జిల్లాల్లోని ఐటీ టవర్లలో, మా దగ్గర మడికొండలో, ఒక్కో హాలును నెలకు ఒక ఆదివారం, రిజిస్ట్రేషన్ పత్రం అడగకుండా మాకు ఇస్తే చాలు. ప్రాజెక్టర్, కరెంటు, నెట్ ఉండాలి. చేస్తున్న గేమ్‌ను పది మంది చేత ఆడించి, వాళ్లెక్కడ తికమక పడుతున్నారో వెనక నిలబడి చూడడం కంటే మంచి పాఠం మాకు మరొకటి లేదు. జామ్ పెడితే అందులో రాత్రి ఉండి తీరాలన్న నియమం పెట్టకూడదని కూడా కోరుతున్నాను. రాత్రంతా మేలుకోవడమే గొప్ప అన్న అలవాటు వల్ల అమ్మాయిలను ఇళ్లలో పంపడం లేదు. మా జట్టుకు ఇప్పుడు సంగీతం కట్టే చెల్లెలు తను వెళ్లాలనుకున్న మొదటి జామ్‌కు వెళ్లలేకపోయింది ఈ కారణం వల్లనే. సాయంత్రం ఏడింటికి ఇంటికి వెళ్లి మర్నాడు వచ్చినా గేమ్ పూర్తవుతుంది.

డబ్బు సంగతి చివర రాస్తున్నాను, అది చిన్నది కాబట్టి. జామ్‌లో కుదిరి, ఒప్పందం రాసుకుని, ఆడదగిన నమూనా చూపించిన జట్లకు ఆరు నెలల పని ఖర్చు కొంత ఇవ్వగలిగితే మంచిది. ఇవ్వలేకపోయినా పైన అడిగినవి ఆగనవసరం లేదు.

హనుమకొండ, వరంగల్, కాజీపేటల్లో ఇట్లా రాత్రిళ్లు గేములు చేసుకునేవాళ్లం ఇప్పటికి మేం పదకొండు మందిమి ఒకరికొకరం తెలుసు. మడికొండలో హాలు ఇస్తే, నమోదు, కుర్చీలు సర్దడం, టీ ఖర్చు, వచ్చినవాళ్లను ఒకరికొకరిని పరిచయం చేయడం మా బాధ్యత. మొదటి ఆరు నెలలూ ఎంతమంది వచ్చారు, ఎన్ని జట్లు కుదిరాయి, ఎన్ని విరిగాయి అన్నది నెలనెలా మీ కార్యాలయానికి రాసి పంపుతాం. గ్లోబల్ గేమ్ జామ్ జనవరి చివర ఉంటుంది కాబట్టి, డిసెంబరులోగా మీ నుంచి ఒక మాట అందితే ఈసారి వరంగల్ నుంచి కూడా కొన్ని జట్లు అందులో కూర్చుంటాయి.

ఇట్లు,
భవదీయుడు,
ఒక గేమ్ డెవలపర్,
హనుమకొండ