విమానాన్ని తనిఖీ చేయడానికి సమయమివ్వండి: పౌర విమానయాన మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పౌర విమానయాన శాఖ మంత్రి గారికి నమస్కారములు.

చాలా ఏళ్లు కేబిన్ సిబ్బందిలో పనిచేసి, ఆ తరువాత కొత్తగా చేరినవారికి శిక్షణ ఇచ్చినదానిగా ఈ లేఖ రాస్తున్నాను. దిగవలసిన ప్రయాణికులు దిగిపోయాక, ఎక్కవలసినవారు ఎక్కేలోగా సిబ్బంది విమానం లోపల చేసే భద్రతా తనిఖీకి కనీస సమయం ఎంతో నిబంధనల్లోనే రాయించాలన్నది నా మొదటి విన్నపం.

1994 డిసెంబరు 11న మనీలా నుంచి సెబూ మీదుగా టోక్యో వెళ్లిన ఫిలిప్పీన్ ఎయిర్‌లైన్స్ 434వ విమానంలో, మొదటి అంచెలో ప్రయాణించిన ఒక వ్యక్తి సీటు కింద లైఫ్ జాకెట్ ఉండే సంచిలో బాంబు పెట్టి సెబూలో దిగిపోయాడు. రెండో అంచెలో అది పేలి, ఆ సీట్లో కూర్చున్న ప్రయాణికుడు మరణించాడు. ప్రతి సీటు కిందా చెయ్యి పెట్టి తడిమి చూడమని మేము కొత్తవారికి చెప్పేది ఇందుకే.

చెప్పడం తేలికే. 180 సీట్ల విమానంలో నలుగురు సిబ్బంది ఉంటే ఒక్కొక్కరికి 45 సీట్లు వస్తాయి. వంగి, టార్చి వేసి, సంచి తడిమి లేవడానికి సీటుకు అయిదు సెకన్లే పడుతుందనుకున్నా, సంచులకే నాలుగు నిమిషాలు కావాలి. పై అరలు, టాయిలెట్లలోని చెత్తబుట్టలు, గ్యాలీ (విమానంలోని వంటగది)లోని ట్రాలీలు ఆ లెక్కలోకి రానేలేదు. అరగంటలో మళ్లీ బయలుదేరవలసిన విమానంలో దిగేవారికీ ఎక్కేవారికీ పోగా ఆ నిమిషాలు మిగలవు. మొదటి ప్రయాణికుడు గుమ్మంలో నిలబడి నమస్కారం పెడుతుండగా, వెనుక వరుసలు చూడకుండానే తనిఖీ పత్రంపై సంతకం పడటం నేను కళ్లారా చూశాను. సంతకం చేసిన అమ్మాయిని తప్పుపట్టలేకపోయాను. ఆలస్యమైతే ఆ నిమిషాలను ఎవరి ఖాతాలో రాస్తారో ఆమెకు తెలుసు.

కాక్‌పిట్ తలుపు విషయంలోనూ ఇదే లోపం కనిపిస్తుంది. 2001 సెప్టెంబరు 11న అమెరికాలో జరిగిన దాడుల తరువాత, 2003 నవంబరు 1 నుంచి పెద్ద ప్రయాణికుల విమానాలకు దృఢమైన తలుపు ఉండాలని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిర్దేశించింది. అయితే ఎంత గట్టి తలుపైనా పైలట్ల భోజనానికీ, టాయిలెట్‌కూ గాలిలో తెరవక తప్పదు. ఆ కొద్ది క్షణాలూ ముందు టాయిలెట్ ఖాళీగా ఉందో లేదో చూసి, నడవకు అడ్డంగా ట్రాలీ నిలిపి, దాని వెనుక నిలబడేది కేబిన్ సిబ్బందే. కొత్తగా తయారయ్యే విమానాల్లో రెండో అడ్డుగేటు ఉండాలని అమెరికా 2023లో నిబంధన తెచ్చింది. మనమింకా ట్రాలీతోనే నెట్టుకొస్తున్నాం.

2015 మార్చి 24న జర్మన్‌వింగ్స్ 9525లో కో-పైలట్ కెప్టెన్‌ను బయటే ఉంచి తలుపు బిగించి విమానాన్ని కొండలపై కూల్చడంతో 150 మంది మరణించారు. ఆ తరువాత కాక్‌పిట్‌లో ఎప్పుడూ ఇద్దరుండాలన్న పద్ధతి చాలాచోట్ల వచ్చింది. అందులో నాకు కనిపించే అసలు లాభం పైలట్‌పై కాపలా కాదు. బయట ఎవరున్నారో చూసి తలుపు తీయడానికి లోపల మరో మనిషి ఉంటే, పైలట్ సీటు వదలనక్కరలేదు. కానీ అలా లోపలికి వెళ్లే కేబిన్ సిబ్బందికి ఆ తాళం ఎలా పనిచేస్తుందో చేతితో నేర్పాలి కదా! 2024 జనవరి 5న అలాస్కా ఎయిర్‌లైన్స్ 1282లో గాలి పీడనం హఠాత్తుగా పడిపోయినప్పుడు కాక్‌పిట్ తలుపు తెరుచుకుంది. దాన్ని అలాగే రూపొందించారన్న సంగతి ఆ విమాన సిబ్బందికి అప్పటిదాకా తెలియదు.

కాబట్టి సీట్ల సంఖ్యను బట్టి తనిఖీకి కనీస నిమిషాలు నిర్ణయించి, సీనియర్ సిబ్బంది సరేనన్న తరువాతే బోర్డింగ్ మొదలుపెట్టేలా, ఆ ఆలస్యాన్ని సిబ్బంది ఖాతాలో రాయకుండా ఉత్తర్వులివ్వాలని కోరుతున్నాను. తలుపు అభ్యాసాన్ని పైలట్లకూ కేబిన్ సిబ్బందికీ విడివిడిగా కాక, ఒకేచోట నిజమైన తలుపు దగ్గర చేయించాలి. మీ శాఖ తనిఖీ అధికారులు ఈసారి వెళ్లినప్పుడు సంతకాల పుస్తకం అడగడానికి ముందు, చివరి వరుస దగ్గర గడియారం చూసుకుంటూ నిలబడమని చెప్పండి.

భవదీయురాలు,
ఒక మాజీ కేబిన్ సిబ్బంది శిక్షకురాలు