జీతం పేరుతో వచ్చే మెయిల్ నమ్మొద్దు

సంపాదకులకు,

అయ్యా,

హైదరాబాద్‌లోని ఒక విశ్వవిద్యాలయ కార్యాలయంలో పనిచేస్తున్నాను. ఈమధ్య మా సెక్షన్‌లో ఒకావిడకు ‘మీ డీఏ బకాయిల లెక్క చూసుకోండి’ అంటూ మెయిల్ వచ్చింది. పైన రిజిస్ట్రార్ పేరు, విశ్వవిద్యాలయ ముద్ర. లింకు నొక్కితే మేం రోజూ చూసే లాగిన్ పేజీ లాంటిదే. ఆవిడ పాస్‌వర్డ్ కొట్టారు. ఆ రాత్రే ఆవిడ పేరుతో విద్యార్థులకు ఫీజు కట్టమంటూ మెయిళ్లు వెళ్లాయి.

నన్ను ఎక్కువ బాధించింది ఆ తర్వాతి సంగతి. తిడతారేమోనన్న భయంతో ఆవిడ రెండు రోజులు ఎవరికీ చెప్పలేదు. మోసగాళ్లకు కావలసింది ఆ రెండు రోజులే. పొరపాటు ఒప్పుకున్నవారిని నలుగురిలో నిలదీసే అలవాటు మన కార్యాలయాలు మానాలి.

తోటి ఉద్యోగులకు నా మనవి: పంపినవారి పేరు కాదు, పూర్తి మెయిల్ చిరునామా చూడండి. ఇంగ్లిష్‌లో ఆర్, ఎన్ చిన్న అక్షరాలు పక్కపక్కన ఉంటే ఎమ్‌లా కనిపిస్తాయి. ఫోన్ తెర మీద అసలు తేడా తెలియదు. ‘24 గంటల్లో ఖాతా మూసేస్తాం’ అని తొందరపెట్టినా, పై అధికారి పేరుతో గిఫ్ట్ కార్డులు కొనమన్నా, ఆ మెయిల్‌కు జవాబివ్వకుండా నేరుగా సంబంధిత అధికారికే ఫోన్ చేసి అడగండి. ఇప్పటికే లింకు నొక్కి వివరాలు ఇచ్చి ఉంటే వెంటనే పాస్‌వర్డ్ మార్చి కంప్యూటర్ విభాగానికి చెప్పండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి.

విశ్వవిద్యాలయాలు కూడా లాగిన్ లింకులతో మెయిళ్లు పంపడం ఆపాలి. అసలు ఉత్తర్వులే అలా వస్తుంటే నకిలీని ఎలా పోల్చుకుంటాం? కాంట్రాక్టు సిబ్బందితో సహా అందరికీ రెండంచెల ధ్రువీకరణ (పాస్‌వర్డ్‌తో పాటు ఫోన్‌కు వచ్చే కోడ్ లాంటి రెండో రుజువు కూడా అడగడం) పెట్టించి, పక్కన కూర్చొని తెలుగులో నేర్పించాలి.

– ఒక ఉద్యోగిని, నల్లకుంట, హైదరాబాద్