అమ్మలూ, ఆ ఎక్స్‌పీరియన్స్ లెటర్ సంగతి

అమ్మలూ,

నీ మెసేజ్ చదివాను. ఫోన్‌లో మాట్లాడితే మధ్యలోనే "సరే నాన్నా, నాకు తెలుసులే" అంటావు. అందుకే కూర్చుని రాస్తున్నాను.

నువ్వు అడిగినవి రెండు. ఉద్యోగం పోయి ఏడాది దాటింది కాబట్టి, డబ్బు తీసుకుని ఎక్స్‌పీరియన్స్ లెటర్, శాలరీ స్లిప్పులు తయారుచేసి ఇచ్చేవాళ్ళ దగ్గరికి వెళ్ళి ఆ ఖాళీని కప్పేయనా అన్నది ఒకటి. ఇంటి లోన్ ఎక్కువ రావడానికి అల్లుడికి లేని సైడ్ బిజినెస్ ఒకటి చూపిద్దామని ఏజెంటు అంటున్నాడు, దానికి కో-అప్లికెంటుగా నా సంతకం కావాలన్నది రెండోది. చివర్లో "అందరూ ఇదే చేస్తున్నారు నాన్నా" అని రాశావు. నన్ను పట్టుకున్నది ఆ మాటే.

అందరూ చేయడం లేదమ్మా. సర్వీసులో ఎక్కువ కాలం లోన్ దరఖాస్తులు చూసే సీట్లోనే కూర్చున్నాను కదా. చాలామంది ఉన్నది ఉన్నట్టే రాసేవాళ్ళు, రాసి, ఇంత తక్కువ జీతానికి లోన్ వస్తుందా అని బిక్కమొహంతో చూసేవాళ్ళు. దొంగ స్లిప్పులూ వచ్చేవి. అవి సీలు చూసి పట్టుకుంటారని అందరూ అనుకుంటారు గానీ సీలుదేముంది, ఎవడైనా చేయిస్తాడు. నెలనెలా స్లిప్పుల్ని పక్కపక్కన పెడితే చాలు. జీతం పెరిగిన నెలలో కూడా కోతలు పైసాతో సహా పాత లెక్కే ఉంటాయి. కింద చేతికొచ్చే మొత్తం మారి ఉంటుంది, పైన కూడిక మారి ఉండదు. ఒక కుర్రాడు తెచ్చిన ఫిబ్రవరి స్లిప్పులో పనిచేసిన రోజులు 30 అని ఉంది. నాకు నవ్వొచ్చింది, తర్వాత జాలేసింది.

దొరకనివి కూడా ఉండే ఉంటాయి. దొరికిపోతావని భయపెట్టడానికి రాయడం లేదు నేను. దొరకవనే అనుకుందాం. అప్పుడేం జరుగుతుంది? నీలాగే ఏడాది ఖాళీగా ఉన్న ఇంకో అమ్మాయి అదే ఉద్యోగానికి అప్లై చేసి, తన ఖాళీని ఖాళీగానే రాస్తుంది. ఇద్దరి కాగితాలూ ఒకే బల్ల మీదికి వస్తాయి. ఆమెది పక్కకు పెట్టి నీది తీసుకుంటారు. కంపెనీకి పోయేదేమీ లేదు, నువ్వు బాగానే పనిచేస్తావు. నువ్వు ఓడించింది ఆ అమ్మాయిని. ఆమె ఎవరో నీకు ఎప్పటికీ తెలియదు కాబట్టే ఇది తప్పులా అనిపించదు.

కాంట్ అనే జర్మన్ తత్వవేత్త 1785లో సరిగ్గా అప్పు అడిగే మనిషినే ఉదాహరణగా తీసుకున్నాడు. తీర్చలేనని తెలిసి కూడా తీరుస్తానని మాటిచ్చి డబ్బు పుచ్చుకోవచ్చా? అందరూ అలా చేసే లోకంలో ఆ మాట ఎవరూ నమ్మరు, నవ్వి పంపించేస్తారు, అప్పుడిక ఆ అబద్ధం కూడా పనికిరాదు అంటాడాయన. అందరూ చేస్తున్నారని నువ్వు నాకు చెప్పావు చూడు, నిజంగా అందరూ చేస్తే ఆ లెటర్‌కి నువ్వు కట్టే డబ్బు దండగే. చాలామంది నిజం రాస్తున్నారు కాబట్టే దానికి ఇంకా ధర పలుకుతోంది.

ఆయన ఊహించుకున్నదానికి కాస్త దగ్గరగా ఒకసారి జరిగింది కూడా. 2008కి ముందు కొన్నేళ్ళు అమెరికాలో ఇళ్ళ లోన్లకు ఆదాయం రుజువులు గట్టిగా అడక్కుండా, చెప్పిన అంకె వేసుకునే పద్ధతి బాగా పెరిగింది. వాటికి "లయర్ లోన్స్", అంటే అబద్ధాలకోరు అప్పులు, అని ఆ వ్యాపారంలో ఉన్నవాళ్ళే ముద్దుపేరు పెట్టుకున్నారు. చాలాసార్లు ఆ అంకె అప్పు తీసుకునేవాళ్ళు చెప్పింది కూడా కాదు. కమిషన్ కోసం బ్రోకరే వేసేవాడు, అప్పిచ్చేవాళ్ళు చూసీ చూడనట్టు ఊరుకునేవాళ్ళు. తర్వాత వచ్చిన సంక్షోభానికి అదొక్కటే కారణం అనను, కారణాల్లో అదీ ఒకటి. బ్రోకరు కమిషన్ బ్రోకరుకు ముట్టింది, ఇల్లు పోయింది సంతకం పెట్టినవాళ్ళకు. 2010లో డాడ్-ఫ్రాంక్ చట్టం తెచ్చి, తీర్చే స్తోమత ఉందో లేదో చూసుకున్నాకే ఇంటి లోన్ ఇవ్వాలన్నారు. దాంతో ఏ పాపం ఎరగనివాళ్ళు కూడా కట్టలకొద్దీ కాగితాలు మోయాల్సి వచ్చింది. నీకు చిరాకు తెప్పించే బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ కూడా ఇలా ఎవరో ముందు చేసి వెళ్ళినదాని ఫలితమే.

ఇంకొకరి కథ చెప్పాలి. మారిలీ జోన్స్ అని, అమెరికాలో ఎంఐటీ అనే పేరున్న యూనివర్సిటీలో అడ్మిషన్ల డీన్. పని బాగా చేస్తుందని పేరు. పిల్లల మీద ఒత్తిడి తగ్గించాలని ఊరూరా తిరిగి చెప్పిన మనిషి. 2007లో రాజీనామా చేసింది. 28 ఏళ్ళ కిందట ఉద్యోగంలో చేరేటప్పుడు లేని డిగ్రీలు ఉన్నట్టు చూపించానని, తర్వాత సరిదిద్దే ధైర్యం రాలేదని ఒప్పుకుంది. వేలమంది పిల్లల దరఖాస్తుల్లో ఏది నిజమో చూడాల్సిన సీటు ఆమెది. ఎన్నేళ్ళు చేసినా ఆ పనిని మనసారా నాదే అనుకోగలిగిందా అని నాకు అప్పుడప్పుడూ అనిపిస్తుంది.

ఇక నువ్వు వాదిస్తావు, తెలుసు. కంపెనీలు మాత్రం నిజం చెబుతున్నాయా అని. చెప్పవు. ప్రకటనలో ఉన్న పని ఒకటి, చేరాక చేయించే పని ఇంకొకటి. అది తప్పే. కానీ వాళ్ళు నిన్ను మోసం చేసినందుకు ఆ పక్క అమ్మాయి ఎందుకు కట్టాలి?

వామనుడికి మూడడుగులు ఇస్తానన్న బలిని ఆపడానికి శుక్రాచార్యుడు ఒక జాబితా చదివాడు. పెళ్ళి విషయంలో, ప్రాణం మీదికి వచ్చినప్పుడు, డబ్బు పోయేటప్పుడు, మానం పోయేటప్పుడు బొంకవచ్చు, పాపం అంటదని. మనవాళ్ళు ఆ పద్యాన్ని లైసెన్సులా వాడేస్తారు. బలి ఆ సలహా ఒప్పుకోలేదన్న సంగతి మాత్రం ఎవరూ గుర్తు చేయరు. నేను బలి అంత గొప్పవాణ్ణి కాదు కాబట్టి ప్రాణం, మానం వరకు శుక్రాచార్యుడి పక్షమే. డబ్బు దగ్గర మాత్రం ఆగుతాను.

మానం అన్నాను కదా, ఇంటర్వ్యూలో పిల్లల్ని ఎప్పుడు కంటావని అడుగుతున్నారని ఆ మధ్య బాధపడ్డావు. అది వాళ్ళకు అక్కర్లేని ప్రశ్న. జర్మనీలో గర్భవతివా అన్న ప్రశ్న ఇంటర్వ్యూలో అడగకూడనిది. అడిగినప్పుడు అబద్ధం చెప్పినా, మోసం చేశావని ఆ ఉద్యోగాన్ని రద్దు చేయడానికి వీల్లేదని అక్కడి కోర్టులు అంటాయి. నాకది సబబే అనిపించింది. అలాంటిదానికి నువ్వు ఏం చెప్పినా నేను అడగను. ఏ కంపెనీలో ఎన్నాళ్ళు పనిచేశావన్నది అలాంటి ప్రశ్న కాదు, దాన్ని చూసే నీకు పని అప్పజెబుతారు.

గొప్పలు చెప్పుకోవడం వేరే సంగతి, కొంచెం చెప్పుకోవాలి కూడా. నువ్వు మరీ తగ్గించి రాస్తావు. టీమ్‌తో కలిసి చేసినదాన్ని "నేను నడిపించాను" అనొచ్చా అని సందేహం వస్తే, నీ పాత మేనేజర్ పక్కన కూర్చుని వింటుండగా ఆ వాక్యం పైకి చదవగలవేమో చూసుకో. చదవగలిగితే ఉంచు.

ఆ ఖాళీ ఏడాదిని ఉన్నట్టే పెట్టు. ఫలానా నెలలో టీమ్ మొత్తాన్ని తీసేశారు, అని ఒక వాక్యం. అమ్మ ఆపరేషన్ అప్పుడు ఇంట్లో ఉండి చూసుకున్నావు, అది ఒక వాక్యం, దానికి సిగ్గుపడక్కర్లేదు. నువ్వు పూర్తిచేసిన కోర్సు, నీ స్నేహితురాలికి డబ్బు తీసుకోకుండా చేసిపెట్టిన వెబ్‌సైట్ రాయి, లింకు ఇవ్వు. కొన్నిచోట్ల ఆ ఖాళీ చూసే పక్కన పెట్టేస్తారు. అది అన్యాయమే, కాదనను. ఈలోగా ఖర్చులకు ఇబ్బందైతే మొహమాటపడకుండా నన్ను అడుగు.

లోన్ సంగతి. నిజమైన ఆదాయానికి ఎంత వస్తుందో అంతే తీసుకోండి. జీతం ఎంతని బ్యాంకువాళ్ళు అడిగేది వాయిదా మీరు మోయగలరా లేదా అని లెక్క వేయడానికే. ఈ వ్యవహారంలో ఆ లెక్క వేసేది వాళ్ళొక్కరే, ఏజెంటు వేయడు. లేని బిజినెస్ చూపిస్తే ఆ లెక్క తప్పుతుంది, వాయిదా మాత్రం నెలనెలా అసలు జీతంలోంచే పోతుంది. ఇల్లు ఒక గది తక్కువైతే కావచ్చు, అల్లుడితో అవసరమైతే నేను మాట్లాడతాను.

కో-అప్లికెంటుగా ఉండటానికి నాకేం అభ్యంతరం లేదు. పెన్షన్ స్లిప్పు, స్టేట్‌మెంట్లు స్కాన్ చేసి ఈ వారంలోనే పంపిస్తాను. ఫారంలో అన్ని గడులూ నింపాకే నాకు పంపు. ఖాళీ ఫారం మీద సంతకం తీసుకుని తర్వాత నింపుకుంటానని ఏజెంటు అంటాడు, కుదరదని ముందే చెప్పేయ్.

నాన్న