తోడ పల్లెల దగ్గర తెలుగు బోర్డు పెట్టించండి

ఎడిటర్ గారికి నమస్కారం,

లాంగ్ వీకెండ్ వస్తే చాలు మీ పేపర్లో ఊటీ ట్రిప్ పేజీ ప్రత్యక్షం. ఏ హోటల్, ఏ వ్యూ పాయింట్, చాక్లెట్ ఎక్కడ కొనాలి అన్నీ ఉంటాయి గానీ అక్కడి మనుషుల గురించి ఒక్క ముక్క ఉండదు. మారతహళ్ళి, కేఆర్ పురం వైపు నుంచి శుక్రవారం రాత్రి బయల్దేరే టెంపో ట్రావెలర్లలో మన తెలుగోళ్ళు ఎంతమందో మీకు చెప్పక్కర్లేదు, బందీపూర్ అడవి రోడ్డు రాత్రి తొమ్మిది నుంచి పొద్దున ఆరు దాకా మూసేస్తారు కాబట్టి గుండ్లుపేటలో టీ తాగుతూ పడిగాపులు కాసేదీ మనమే, అందుకే మన పేపర్‌కే రాస్తున్నా.

ఈ మధ్య ఊటీ పక్కన తోడలనే గిరిజనుల మంద్‌కి, అంటే వాళ్ళ పల్లెకి వెళ్ళాం. మా వెనకే ఇంకో బ్యాచ్ దిగింది, దిగీ దిగగానే గుడి చుట్టూ ఉన్న రాళ్ళ గోడ ఎక్కి సెల్ఫీలు మొదలు. ఒక పెద్దావిడ తమిళంలో వద్దు వద్దని అరుస్తుంటే మనోళ్ళకి అర్థం కాలేదో, కానట్టు నటించారో. వాళ్ళ గేదెల పాలు చిలికేది ఆ గుడిలోనే, చిన్న ద్వారంలోంచి పూజారి పాక్కుంటూ వెళ్తాడు, వాళ్ళ ఆడవాళ్ళు కూడా లోపలికి పోరు. మన ఊళ్ళో గర్భగుడిలోకి ఎవడైనా చెప్పులతో దూరితే ఊరుకుంటామా? తోడలు మొత్తం కలిపితే 2 వేల మంది ఉంటారేమో, సీజన్లో ఒక్క రోజు ఊటీ ఎక్కే జనం అంతకి ఎన్ని రెట్లో.

మద్రాస్ హైకోర్టు చెప్తే 2024 మే నుంచి ఊటీ వెళ్ళే బండ్లకి ఈ-పాస్, అంటే ఆన్‌లైన్ అనుమతి, పెట్టారు, 2025 వేసవిలో మామూలు రోజుల్లో 6 వేల బండ్లు, వీకెండ్‌లో 8 వేలు అని లిమిట్ కూడా పెట్టారు. మంచిదే. కానీ బండ్లు లెక్కపెడితే సరిపోదు కదండీ, ఆ ఈ-పాస్ ఇచ్చేటప్పుడే ఎక్కడ అడుగు పెట్టకూడదో నాలుగు లైన్లు తెలుగులో కూడా చూపిస్తే ఏం పోతుంది? మంద్‌ల దగ్గరా ఒక తెలుగు బోర్డు పెట్టాలి.

ఇంకోటి, షాపింగ్. తోడ ఆడవాళ్ళు తెల్ల నూలు బట్ట మీద ఎరుపు, నలుపు దారాలతో ముందు గీతలేవీ గీసుకోకుండా పోగులు కంటితో లెక్కపెట్టుకుంటూ కుడతారు, ఒక్క శాలువాకి వారాలు పట్టేస్తుంది. ఆ కుట్టుపనికి 2013లోనే జీఐ ట్యాగ్, అంటే ఇది ఈ ప్రాంతానిదే అనే గుర్తింపు, వచ్చింది. అయినా షాపుల్లో మెషిన్ మీద కుట్టిన నకిలీవి అమ్ముతున్నారు, మనం చవగ్గా వచ్చిందని మురిసిపోతాం. టీ కథా అంతే. అక్కడి చిన్న టీ రైతుల్లో నీలగిరికే చెందిన బడగలనే జనమే ఎక్కువ, పచ్చాకుకి గిట్టుబాటు ధర లేదని 2023లో రిలే నిరాహార దీక్షలు చేశారు. ఫ్యాక్టరీ టూర్‌కి టికెట్ కొంటాం, ఏలకుల టీ ప్యాకెట్లు సంచీ నిండా తెచ్చుకుంటాం, ఆకు పండించినోడికి కిలోకి ఎంతొచ్చిందని అడిగినవాణ్ణి నేనైతే చూళ్ళేదు. ఆ నెల పచ్చాకు ధర ఎంతో కౌంటర్ దగ్గర పలక మీద రాసి పెట్టమని టీ బోర్డు ఆర్డర్ వేయొచ్చు, ఖర్చు లేని పని.

తమిళనాడు టూరిజం వాళ్ళ చెవిన ఈ మాట మీలాంటి పేపర్ వేస్తేనే పడుతుంది. వచ్చే ఊటీ పేజీలో దీనికి అర కాలమ్ అయినా ఇవ్వండి, చాక్లెట్ షాపుల లిస్టు కాస్త కుదించినా పర్లేదు.

ఇట్లు,
ఒక పాఠకుడు, మారతహళ్ళి, బెంగళూరు