స్లాట్ కారు రేటు వేశారు, అసలు కారు సంగతి వదిలేశారు

సంపాదకుల వారికి,

మీ ఆదివారం పిల్లల పేజీలో కొత్త స్లాట్ కారు, అంటే ట్రాక్ గాడిలో నడిచే బొమ్మ కారు, మోడల్ గురించి ఒక చిన్న ఐటమ్ వేశారు. లేత నీలం బాడీ, నడుమన నారింజ పట్టీ, తెల్లటి గుండ్రంలో 6 నంబరు, ఫొటో అయితే అదిరింది. దాని కింద రాసిందే నాకు నచ్చలేదు. రిమోట్ కారు అన్నారు, బ్యాటరీ మీద నడుస్తుందన్నారు, రంగులూ నంబరూ పిల్లల్ని ఆకట్టుకోడానికి అన్నారు, చివర్న రేటు వేశారు. అందులో రేటు ఒక్కటే కరెక్టు, మిగతా మూడూ తప్పే.

ఇంతోటి దానికి ఉత్తరం రాయాలా అనుకోకండి. ఇక్కడ రాయగడలో మా పిల్లలకు బడిలో ఒడియా, ఇంగ్లీషు. తెలుగు ఇంట్లో మాట్లాడతారు గానీ చదవడం నేర్చుకునేది చాలామటుకు మీ పేపరు మీదే, హెడ్డింగులు కూడబలుక్కుంటూ. పార్వతీపురం అవతల మీకది పిల్లల పేజీ కావచ్చు, ఇవతల మాకది వాచకం. అందులో ఏం పడితే అదే మా వాళ్ల బుర్రలోకి ఎక్కుతుంది, తర్వాత మేం కాదన్నా వినరు, పేపర్లో వేశారు కదా అంటారు.

నాది మోటార్ వైండింగ్ షాపు. బెంగళూరులో ఉద్యోగం చేస్తున్న మా మేనల్లుడు పండక్కి వస్తూ ఈ కారే, ట్రాక్‌తో సహా, మా పిల్లలకు తెచ్చాడు. చేతికొచ్చిన మోటారును విప్పకుండా వదిలే అలవాటు మా వృత్తిలో లేదు కాబట్టి అడుగున ఉన్న స్క్రూలు తీసి చూశాను. లోపల బ్యాటరీ ఎక్కడా లేదు. కరెంటు ట్రాక్‌లోంచే వస్తుంది. ట్రాక్ మధ్యన సన్నటి గాడి, దానికి అటొకటి ఇటొకటి ఇనప పట్టీలు, కారు మూతి కింద చిన్న ప్లాస్టిక్ బ్లేడు ఆ గాడిలో దిగి ఉంటుంది, బ్లేడుకు రెండు పక్కలా అల్లిన రాగి తీగలు ఆ పట్టీలను రాసుకుంటూ పోతాయి. చేతిలో ఉండేది రిమోట్ కాదు, వైరున్న ట్రిగ్గర్. ఎంత నొక్కితే మోటారుకు అంత ఓల్టేజీ, పూర్తిగా నొక్కితే సుమారు 12 ఓల్టుల దాకా. వెనక ఇరుసు దగ్గర ఒక అయస్కాంతం పెట్టారు, అది ఇనప పట్టీలను పట్టుకుని కారు మలుపులో ఎగిరిపోకుండా చూస్తుంది. స్టీరింగ్ లేదు, ఎక్కడ వదలాలో తెలియడమే డ్రైవింగు. ట్రిగ్గర్ వదిలితే కారు టక్కున ఎందుకు ఆగుతుందని మా పెద్దాడు అడిగాడు. వదలగానే మోటారు రెండు కొసలూ ఒకదానికొకటి కలుస్తాయి, తిరుగుతున్న మోటారు డైనమో అయిపోతుంది, అది పుట్టించిన కరెంటే దాన్ని వెనక్కి లాగుతుంది. ఘాట్ దిగే కరెంటు రైలింజన్లలో వాడేదీ ఈ సూత్రమే. ఇది మీరు రెండు లైన్లలో రాసి ఉంటే మా పెద్దాడికి ఫిజిక్స్ పాఠం సగం అయిపోయేది.

సరే, మోటారు సంగతి పక్కన పెడదాం. నా బాధంతా ఆ 6 నంబరు గురించి. అది స్టిక్కరు కాదండీ, చరిత్ర.

ఆ కారు ఫోర్డ్ జీటీ40. ఎత్తు 40 అంగుళాలు, అందుకే ఆ పేరు. మోడల్ 1:32 స్కేలు, అంటే అసలు కారులో 32వ వంతు, కాబట్టి 40ని 32తో భాగించండి, ఒకటింపావు అంగుళం, స్కేలు పెట్టి కొలిస్తే దాదాపు అంతే వచ్చింది. అంత పొట్టి కారులోకి మనిషి దూరాలంటే మామూలు తలుపు చాలదు, అందుకని తలుపు కోత టాపు మీదికి కూడా ఎక్కుతుంది. మోడల్ మీద ఆ గీత గోటికి తగులుతుంది, చూడండి. ఈ తలుపు సంగతి గుర్తు పెట్టుకోండి, మళ్లీ పని పడుతుంది.

1963లో ఫెరారీ కంపెనీని కొనబోయి ఆ బేరం చెడిపోయాక, వాళ్లను ఫ్రాన్స్‌లో జరిగే లె మాన్ 24 గంటల రేసులో ఓడించి తీరాలని ఫోర్డ్ కంపెనీ అధినేత రెండో హెన్రీ ఫోర్డ్ పంతం పట్టాడు. 1964, 1965 రెండేళ్లూ బోల్తా కొట్టారు, 1966లో మొదటి మూడు స్థానాలూ ఫోర్డ్‌వే. ఇదంతా చాలామందికి తెలిసిందే. మన మోడల్ మాత్రం దాని తర్వాతది, గల్ఫ్ ఆయిల్ కంపెనీ రంగుల్లో జాన్ వయర్ టీమ్ నడిపిన కారు, ఛాసిస్ (అంటే కారు కింది చట్రం) నంబరు 1075. 1968లో పెడ్రో రోడ్రిగెజ్, లూసియన్ బియాంకి ఈ ఛాసిస్‌తోనే లె మాన్ గెలిచారు, అప్పుడు దాని మీద 9 నంబరు. 1969లో అదే ఛాసిస్ 6 నంబరుతో మళ్లీ దిగింది. అప్పటికి అది పాత బండి. ఎదురుగా పోర్షే వాళ్లు సరికొత్త 917లు, వాటితోపాటు 908లు అనే రేసు కార్లు తెచ్చుకుని కూర్చున్నారు.

లె మాన్‌లో అప్పట్లో స్టార్టింగే ఒక తమాషా. కార్లు ఒక పక్క వరసగా నిలబెడతారు, డ్రైవర్లు రోడ్డుకు ఇవతల నిలబడతారు, జెండా ఊపగానే పరుగెత్తుకుంటూ వెళ్లి ఎక్కి స్టార్ట్ చేసుకుని పోవాలి. చూసేవాళ్లకు పండగ. మరి సీటు బెల్టు? దానికి టైమెక్కడ, పెట్టుకోకుండానే బయల్దేరి, తిన్నటి రోడ్డు మీద గంటకు 300 కిలోమీటర్ల వేగంలో మోకాళ్లతో స్టీరింగ్ పట్టుకుని పెట్టుకునేవాళ్లు, అసలు పెట్టుకోనివాళ్లూ ఉండేవాళ్లు. 1968లో బెల్జియం డ్రైవర్ విల్లీ మెరెస్ ఇదే జీటీ40 రకం కారులో తొందరగా ఎక్కి తలుపు సరిగా వేయలేదు, మొదటి రౌండులోనే అది తెరుచుకుంది, ఆ ప్రమాదంతో ఆయన రేసింగే ముగిసిపోయింది.

మరుసటేడు అదే బెల్జియం దేశానికి చెందిన ఇంకో కుర్రాడు, మన 6 నంబరు కారు డ్రైవరు, 24 ఏళ్ల జాకీ ఇక్స్, జెండా ఊపగానే అందరూ పరుగెడుతుంటే తను మాత్రం నడుచుకుంటూ వెళ్లాడు. తలుపు వేసుకున్నాడు, బెల్టు బిగించుకున్నాడు, అందరూ పోయాక చివర్న బయల్దేరాడు. గెలవాల్సిన రేసులో, జనమంతా చూస్తుండగా. నన్నడిగితే ఆ నడకకు రేసు గెలవడం కంటే ఎక్కువ ధైర్యం కావాలి. ఆ మొదటి రౌండులోనే జాన్ వుల్ఫ్ అనే ఆయన 917 అదుపు తప్పింది, బెల్టు లేక బయటికి విసిరేసినట్టు పడి చనిపోయాడు.

ఇంక చివర్న బయల్దేరిన 6 నంబరు సంగతి. ఇక్స్, జాకీ ఆలివర్ మార్చి మార్చి నడిపారు. 21వ గంట దాకా ముందున్న 917 చెడిపోయింది, ఆఖర్న మిగిలింది ఇక్స్, పోర్షే 908లో హాన్స్ హెర్మాన్. ఒకరి వెనక ఒకరు నక్కి, ముందు కారు చీల్చిన గాలిలో దూసుకొచ్చి దాటడం, మళ్లీ ఆయన దాటడం, ఇదే చివరిదాకా. (మోడల్‌లో మీకు దొరకనిది ఈ గాలి ఒక్కటే. స్లాట్ కారు వెనక స్లాట్ కారు ఎంత నక్కినా లాభం లేదు.) 24 గంటలు, దగ్గర దగ్గర 5,000 కిలోమీటర్లు పోయాక ఇక్స్ సుమారు 120 మీటర్ల తేడాతో గెలిచాడు. మోడల్ లెక్కకు దించితే రాయగడ నుంచి రైల్లో విజయనగరం దాటి పోయినంత దూరం పరుగెత్తి, నాలుగు మీటర్ల లోపు తేడాతో నెగ్గినట్టు. మా షాపు ముందు గది పొడవు అంతకంటే ఎక్కువ.

1970లో డ్రైవర్లను బెల్టులు పెట్టించి కార్లలో కూర్చోబెట్టే స్టార్ట్ ఇచ్చారు, పరుగులు పోయాయి. ఇంకోటి, ఇది కల్పన కాదు: 1969 రేసు మర్నాడు ఇక్స్ తన సొంత కారులో పారిస్ వెళ్తుంటే షార్త్ర్ దగ్గర ఎదురుగా ఎవరో అడ్డం వచ్చారు, కారు స్తంభాన్ని గుద్దుకుని నుజ్జయింది. బెల్టు విప్పుకుని దిగి వచ్చాడు, దెబ్బ లేదు.

ఇప్పుడు మా ఘాట్ రోడ్లు ఒకసారి చూడండి. కొరాపుట్ వైపు మలుపుల్లో జీపులు, బొలెరోలు ఎలా తోలతారో మీ పేపర్లోనే వార్తలొస్తాయి, లోపలి పేజీలో మూడు లైన్లు. బెల్టు పెట్టుకోరా అంటే భయమా అని నవ్వుతారు, చెకింగు కనిపిస్తే భుజం మీద వేసుకుని అది దాటాక తీసేస్తారు. పోలీసులు చెప్తే వినరు, మాలాంటి పెద్దాళ్లు చెప్తే అసలు వినరు. అదే పిల్లలు ముచ్చటపడే కారు కథ చెప్తే వింటారు. మా మేనల్లుడు చెప్పాక మా పెద్దాడు ఆటోలో ముందు సీట్లో కూర్చుని దీనికి బెల్టేదని డ్రైవర్‌ని పట్టుకున్నాడు. వాడేం జవాబు చెప్తాడు పాపం.

అందుకని నేనడిగేదల్లా ఒకటే. ఆ ఐటమ్‌కు సవరణ వేయండి, దాంతోపాటు 1969 స్టార్టింగ్ కథ ఒక పేరా వేయండి, వీలైతే 9 నంబరుతో ఉన్న 1968 కారు ఫొటో పక్కన పెట్టండి, రెండూ ఒకే ఛాసిస్ అని పిల్లలకు తెలుస్తుంది. డ్రైవర్ల పేర్లు తెలుగు అక్షరాల్లోనే వేయండి. మా చిన్నదానికి ఇంకా ఇంగ్లీషు స్పెల్లింగులు రావు, తెలుగులో ఉంటే ఇక్స్ అయినా హెర్మాన్ అయినా పట్టుబట్టి చదివేస్తుంది.

ఇట్లు,
ఒక వైండింగ్ షాపు ఆయన,
రాయగడ, ఒడిశా