రిపోర్టులో రెండు పేర్లు

తెనాలి,
ఆదివారం రాత్రి.

చి|| అమ్మలుకి నాన్న ఆశీస్సులు.

నువ్వు వాట్సాప్‌లో పెట్టిన కొలనోస్కోపీ రిపోర్టు చదివాను. చిన్నపేగు చివర పుండ్లు, అది పెద్దపేగులో కలిసేచోట వాపు, ఆఖరి లైన్లో క్రోన్స్ (పేగులో వాపు, పుండ్లు తెచ్చే దీర్ఘకాలపు జబ్బు) అని, పేగు టీబీ అని, రెండింటి పక్కనా ప్రశ్నార్థకాలు. "ఇందులో ఏది నాన్నా? నా దగ్గర దాచకు" అన్నావు. ఫోన్లో చెబుదామంటే పక్కనే మీ అమ్మ ఉంటుంది. నేను నోరు తెరిచేలోపే ఆవిడ కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది, నువ్వు నీ సంగతి వదిలేసి ఆవిడని ఓదారుస్తూ కూర్చుంటావు. అందుకే రాస్తున్నాను.

దాచడానికి నా దగ్గర ఏమీ లేదు. డాక్టరు గారి దగ్గరా లేదు. ఆయన కళ్ళతో చూసినదాన్ని బట్టి రెండింటిలో ఏదైనా కావచ్చు. మన దేశంలో ఈ తికమక మామూలే. టీబీ తక్కువగా ఉండే దేశాల్లో ఇలాంటి పుండ్లు కనిపిస్తే ముందు క్రోన్సే అనుకుంటారు. ఇక్కడ అలా అనుకోవడానికి వీల్లేదు. రెండూ చిన్నపేగు చివరే ఎక్కువగా వస్తాయి. రెండింట్లోనూ కడుపునొప్పి, విరేచనాలు, జ్వరం, బరువు తగ్గడం ఉంటాయి. బయాప్సీలో గ్రాన్యులోమా, అంటే రక్షణ కణాలు గుంపుకట్టిన చిన్న ముద్ద, కనిపించినా అది రెండింట్లోనూ కనిపించేదే. దాని మధ్యలో కణాలు చచ్చి జున్నులా మారి ఉంటే టీబీ వైపు మొగ్గుతారు, కానీ గిల్లి తీసే చిన్న ముక్కలో అది ప్రతిసారీ దొరకదు.

మీ నాన్న ఉద్యోగమంతా గవర్నమెంటాసుపత్రి ల్యాబులో కళ్ళె స్లైడ్లు చూస్తూనే గడిచిందని నీకు తెలుసు కదా. ఎర్రరంగు పోసి, కింద మంట చూపించి, ఆవిరి లేచేదాకా వేడిచేసి, యాసిడ్‌తో కడిగి, మీద నీలంరంగు వేసేవాళ్ళం. మైక్రోస్కోపు కింద నీలం మధ్యలో సన్నటి ఎర్రగీతలు కనిపిస్తే అవి టీబీ క్రిములు. ఒక మిల్లీలీటరు కళ్ళెలో అవి వేలల్లో ఉంటే తప్ప మా కంటికి దొరికేవి కావు. పేగు ముక్కలో అన్ని ఉండవు. కాబట్టి 'క్రిములు కనబడలేదు' అని రిపోర్టు వచ్చినంత మాత్రాన టీబీ లేదని సంబరపడకు. టీబీ క్రిమి జన్యువుని వెతికే జీన్ ఎక్స్‌పర్ట్ పరీక్ష నెగటివ్ వచ్చినా అంతే. పాజిటివ్ వస్తే మాత్రం దాన్ని నమ్మొచ్చు.

ఆ రోజు నువ్వు మత్తులో ఉన్నప్పుడు నేను లోపలున్న సిస్టర్ని ఒకే ప్రశ్న అడిగాను. ముక్కలన్నీ ఫార్మలిన్లోనే వేశారా, సెలైన్లో కూడా వేశారా అని. ఫార్మలిన్లో పడితే క్రిమి చచ్చిపోతుంది, ఇంక కల్చర్ చేయడానికి, అంటే ల్యాబులో క్రిమిని పెంచి చూడడానికి, ఏమీ మిగలదు. ఆ అమ్మాయి రెండు సీసాలూ ఎత్తి చూపించింది. అప్పుడు గానీ నేను వెళ్ళి టీ తాగలేదు. ఫార్మలిన్ సీసా రిపోర్టు ముందు వస్తుంది. సెలైన్ సీసా కల్చర్‌కి వెళ్ళింది, నెగటివ్ అని తేల్చడానికి 6 వారాలు ఉంచుతారు. ఆలస్యమవుతోందంటే ఎవరో నీ ఫైలు పక్కన పడేశారని కాదు, ఆ క్రిమి పెరగడమే అంత నెమ్మది. ఇంకో సంగతి. మైనంలో బిగించిన ఆ ముక్కల్ని బ్లాకులంటారు. రేపు ఇంకో డాక్టరు అభిప్రాయం తీసుకోవాలనుకుంటే బ్లాకులు, స్లైడ్లు అడిగి తీసుకెళ్ళొచ్చు, మళ్ళీ పేగు గిల్లించుకోనక్కర్లేదు.

ఏదో ఒక మందు ఇవ్వొచ్చు కదా, ఊరికే కూర్చోబెట్టారేమిటని నీకు కోపంగా ఉంది. నీ కోపం నాకు అర్థమవుతుంది గానీ ఈ విషయంలో నేను డాక్టరు వైపే. క్రోన్స్‌లో మన ఒంట్లోని రక్షణ వ్యవస్థే పేగు మీద పడుతుంది, దాన్ని తగ్గించడానికి స్టెరాయిడ్ ఇస్తారు. అదే స్టెరాయిడ్ టీబీ ఉన్నవాళ్ళకి ఇస్తే జబ్బు ఒళ్ళంతా పాకుతుంది. అలాగని టీబీ మందులు మొదలుపెట్టి నెలల తరబడి మింగించినా, అసలు జబ్బు క్రోన్స్ అయితే ఆలోపు పేగు సన్నబడిపోవచ్చు. ఎటు తొందరపడినా నష్టమే.

పరీక్షలన్నీ అయ్యాక కూడా తేలకపోతే టీబీ మందులతో ట్రయల్ పెడదామని అనొచ్చు. భయపడకు, చాలామందికి అలాగే చేస్తారు. రోజూ మాత్రలు, మూత్రం నారింజరంగులో పోవడం, మధ్యమధ్య లివర్ పరీక్ష, ఇవన్నీ ఉంటాయి. కళ్ళు పచ్చబడినా, వాంతులు పట్టుకున్నా, రంగులు తేడాగా కనిపించినా వెంటనే చెప్పాలి. ఒక్క విషయంలో మాత్రం నువ్వు గట్టిగా ఉండు. ట్రయల్‌కి గడువుండాలి. 2, 3 నెలలకి మళ్ళీ కొలనోస్కోపీ చేసి పుండ్లు మానాయో లేదో కంటితో చూడాలి. మానితే టీబీ, కోర్సు 6 నెలలు పూర్తిచేస్తారు. మానకపోతే క్రోన్స్ వైపు వెళ్తారు. 'కొంచెం తేలిగ్గా ఉంది కదా, ఇంకొన్నాళ్ళు చూద్దాం' అంటే ఒప్పుకోకు, క్రోన్స్ దానంతటదే కొన్నాళ్ళు అణిగి ఉంటుంది కూడా. మొదలుపెట్టే రోజే మళ్ళీ లోపలికి ఎప్పుడు చూస్తారో తేదీ అడిగి రాయించుకో.

అన్నట్టు, నిన్ను ఏడాదిపాటు 'టెన్షన్ వల్లే, ఐబీఎస్, యోగా చెయ్యి' అన్న మొదటి డాక్టరు మీద మీ అమ్మకి ఇంకా మంట తగ్గలేదు. ఐబీఎస్ అంటే పుండ్లూ వాపూ ఏమీ లేకుండానే పేగు ఇబ్బంది పెట్టడం. అర్ధరాత్రి మోషన్‌కి లేవాల్సి వస్తోందంటే, బరువు తగ్గుతోందంటే అది ఉత్త టెన్షన్ కాదని అప్పుడే ఆలోచించాల్సింది. పేగులో వాపు ఉందేమోనని మలంలో చూసే కాల్‌ప్రొటెక్టిన్ పరీక్ష అంత ఎక్కువ వచ్చాక ఐబీఎస్ మాట ఎలాగూ పోయింది. ఆ కోపాన్ని మీ అమ్మకి వదిలెయ్, తను చూసుకుంటుంది.

ఇక చుట్టాల సంగతి. ఎవరికి ఎలా తెలిసిందో గానీ తెలిసింది. మీ పెద్దమ్మ హాస్టల్ తిండి అంది. బాబాయి మన మిరపకాయ అన్నాడు. మిరపకాయ తింటే క్రోన్స్ వచ్చేట్టయితే గుంటూరు జిల్లాలో ఆసుపత్రులు తప్ప ఇంకేమీ మిగిలేవి కావు. ఇది నువ్వు తిన్నదాని వల్లో, రాత్రి డ్యూటీల వల్లో, మేము పెంచినదాని వల్లో వచ్చింది కాదు. క్రోన్స్ అయితే జన్యువులు, పేగులో ఉండే సూక్ష్మజీవులు, రక్షణ వ్యవస్థ, ఇవన్నీ కలిసి తెచ్చేది. అంటుకోదు. టీబీ అయితే క్రిమి వల్ల వచ్చేది, మందులతో నయమయ్యేది. ఛాతీ ఎక్స్‌రే బాగుంది, దగ్గు లేదు కాబట్టి నీ రూమ్మేట్లు భయపడే పని లేదు.

భయంతో తిండి మానేస్తున్నావని మీ అమ్మ కనిపెట్టింది. వీడియో కాల్‌లో మొహం చూస్తేనే తెలిసిపోతోంది. అలా చెయ్యకు. అన్నం, మెత్తగా ఉడికిన పప్పు, ఇడ్లీ, గుడ్డు, ఆలుగడ్డ తిను. పెరుగు పడితే పెరుగు తిను. సీటీ స్కాన్‌లో పేగు కొంచెం సన్నబడిందని రాశారు కాబట్టి మునక్కాడ, పనసతొన, మొక్కజొన్న, పీచు ఎక్కువున్నవి ఇప్పటికి వద్దు. గోంగూర పచ్చడి సీసా మీ అమ్మ ప్యాక్ చేసేసింది, నేనే తీయించాను. ఇద్దరం మాట్లాడుకోవడం లేదు.

వారానికోసారి ఒకే మిషన్ మీద బరువు చూసుకుని రాసిపెట్టు. మోషన్ ఎన్నిసార్లు, రాత్రి లేచావా, జ్వరం వచ్చిందా, అది కూడా ఫోన్లోనే ఒక చోట రాయి. డాక్టరు ముందు కూర్చుంటే నువ్వు "పర్వాలేదండీ" తప్ప ఇంకో మాట అనవు. నెలసరి నొప్పికి నువ్వు వేసుకునే ఆ మాత్రలో డైక్లోఫెనాక్ ఉంది, అది పేగుకి మంచిది కాదు. ఐబుప్రొఫెన్ కూడా అంతే. పారాసిటమాల్ వేసుకో. సిగరెట్ క్రోన్స్‌ని ముదిరేట్టు చేస్తుంది. నీకు అలవాటు లేదనే అనుకుంటున్నాను, ఉంటే మానెయ్, నేను అడగను. పొట్ట ఉబ్బి, వాంతులవుతూ, గ్యాస్ కూడా పోకుండా ఆగిపోతే తెల్లారేదాకా ఆగకుండా క్యాబ్ ఎక్కి ఆసుపత్రికి వెళ్ళి, అక్కణ్ణుంచి నాకు ఫోన్ చెయ్యి.

క్రోన్సే అని తేలితే జీవితాంతం ఉండే జబ్బే. నిన్ను మభ్యపెట్టను. కానీ అణిగిపోయి ఏళ్ళ తరబడి మామూలుగా బతకనిచ్చే జబ్బు కూడా. అమెరికా ప్రెసిడెంటు ఐసెన్‌హోవర్‌కి ఇదే ఉండేది. 1956 జూన్‌లో పేగు ఆపరేషన్ చేశారు, అదే ఏడాది నవంబర్లో రెండోసారి ఎన్నికల్లో గెలిచాడు, 1959 డిసెంబర్లో ఢిల్లీ కూడా వచ్చి వెళ్ళాడు. ఇది మీ అమ్మకి చెబితే "ఆయనకి వండిపెట్టేవాళ్ళు పదిమంది ఉంటారు" అంది. అప్పటికి ఇప్పుడున్న మందులు లేవు. ఇప్పుడు రక్షణ వ్యవస్థని అణిచే అజాథయోప్రిన్ మాత్ర ఉంది. అది మనవాళ్ళలో కొందరికి తెల్లకణాలు బాగా పడేస్తుంది, అందుకే తరచూ రక్తపరీక్ష చేయిస్తారు. ఇంజెక్షన్లలో ఇన్‌ఫ్లిక్సిమాబ్, అడాలిముమాబ్ ఉన్నాయి. ఖరీదైనవే. కానీ అడాలిముమాబ్‌కి ప్రపంచంలోనే మొదటి బయోసిమిలర్ని (అసలు మందుకి దాదాపు సమానంగా వేరే కంపెనీ చేసేది) 2014లో మన అహ్మదాబాద్ కంపెనీ జైడస్ తెచ్చింది, ధరలు కొంత దిగాయి. ఆ ఇంజెక్షన్లు మొదలుపెట్టే ముందు ఒంట్లో నిద్రపోతున్న టీబీ ఉందేమో కూడా చూస్తారు.

డబ్బు గురించి నువ్వు లెక్కలు వేయకు, అది నా పని. ఉద్యోగం మాత్రం కోపంలో వదలకు. మీ కంపెనీ ఇన్సూరెన్స్ పాలసీ కాగితం ఒకసారి తీసి చదువు. కొత్తగా సొంత పాలసీ తీసుకుంటే ముందునుంచీ ఉన్న జబ్బుకి 3 ఏళ్ళ దాకా ఆగమనొచ్చు. మేనేజరుకి 'పేగు సమస్య, పరీక్షలు జరుగుతున్నాయి' అని చెబితే చాలు, రిపోర్టులు చూపించక్కర్లేదు.

నువ్వు అడగని విషయం కూడా రాస్తాను. గుంటూరు సంబంధం వాళ్ళకి ఇప్పుడే వద్దని చెప్పేశాను. కారణం చెప్పలేదు, అది నీ ఇష్టం. జబ్బు అణిగి ఉన్నప్పుడు పిల్లల్ని కన్నవాళ్ళు ఎంతోమంది ఉన్నారు, కాకపోతే మందులు మార్చాల్సి ఉంటుంది కాబట్టి ముందుగా డాక్టరుతో మాట్లాడాలి. పెళ్ళి అనుకున్న రోజున అబ్బాయికి నువ్వే చెప్పు, మధ్యవర్తి ద్వారా వద్దు. దాచి చేసే పెళ్ళికి నేను రాను. మీ అమ్మకి ఇది నచ్చలేదు. తను ఒప్పుకునేదాకా నేను ఆగుతాను, నువ్వు ఆ గొడవలోకి రాకు.

శుక్రవారం పొద్దున్నే వచ్చేస్తాను, అపాయింట్‌మెంట్‌కి ఇద్దరం కలిసి వెళ్దాం. లోపల నువ్వే మాట్లాడాలి, నువ్వు మర్చిపోయినవి నేను గుర్తుచేస్తాను. పాత రిపోర్టులన్నీ తేదీల వరసలో పెట్టు. రక్తపరీక్షల్లో విటమిన్ బీ12 పేజీ ఫొటోలో సగం నీడ పడింది, అంకె కనిపించడం లేదు. బీ12 ఒంటికి పట్టేది ఆ చిన్నపేగు చివరే కాబట్టి అది చూడాలి. పొద్దున లేవగానే కిటికీ దగ్గర పెట్టి మళ్ళీ ఫొటో తీసి పంపు.

నాన్న