బురద బ్యాచ్ కబుర్లు

ఒరేయ్ రాజూ,

నీ వాయిస్ మెసేజ్ విన్నాను. "ఏంట్రా, అక్కడేదో సొసైటీకి ప్రెసిడెంట్ అయ్యావంటగా" అని ఒకటే నవ్వు. ప్రెసిడెంటూ లేదు, పాడూ లేదు. బ్రిటిష్ ఎకలాజికల్ సొసైటీ అని 1913లో పెట్టిన సంఘం ఉంది, ఎకాలజీకి, అంటే జీవులకీ వాటి పరిసరాలకీ ఉన్న సంబంధాలు చూసే శాస్త్రానికి, ప్రపంచంలో అన్నిటికంటే పాతది. అందులో మళ్లీ ఆసక్తిని బట్టి గ్రూపులు: అడవుల వాళ్లు వేరు, మట్టీ వేళ్లూ చూసేవాళ్లు వేరు, లెక్కలేసేవాళ్లు వేరు, చెరువులూ వాగులూ అంటూ నీళ్లలో దిగేవాళ్లు వేరు. ఆ నీళ్ల బ్యాచ్‌ని నడిపే పని నా నెత్తిన పడింది, అంతే. జీతం లేదు. కూకట్‌పల్లిలో మీ అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీగా నువ్వు పడే పాట్లే ఇక్కడా, కాకపోతే లిఫ్టు గొడవ లేదు.

తమాషా ఏంటంటే ఆ సొసైటీ పుట్టిందే ఇలాంటి చిన్న గుంపులోంచి. బ్రిటన్‌లో ఎక్కడెక్కడ ఏ మొక్కలున్నాయో మ్యాపులు గీద్దామని టాన్స్లీ అనే మొక్కల శాస్త్రవేత్తా, ఇంకొందరూ 1904లో ఒక కమిటీ వేసుకున్నారు. ఆ కమిటీయే తొమ్మిదేళ్లకి సొసైటీ అయింది, టాన్స్లీ మొదటి అధ్యక్షుడయ్యాడు. 'ఎకోసిస్టమ్' (ఒకచోట ఉండే జీవులూ, వాటి పరిసరాలూ అన్నీ కలిపి) అనే మాటని 1935లో మొదట అచ్చులోకి తెచ్చింది కూడా ఆయనే. ఇది మా మీటింగుల్లో ఇప్పటికి నాలుగుసార్లు చెప్పాను, ఇంక ఆపమన్నారు.

నా మొదటి ఘనకార్యం విను. మార్చిలో కుంటలు చూపిస్తా రండి, ఫ్రీ అన్నాను. పేర్లిచ్చినవాళ్లు 31 మంది, వచ్చింది తొమ్మిది. పైగా మంచువాన, యాభై సీట్ల బస్సు! డ్రైవర్ నన్ను చూసిన చూపు ఇంకా గుర్తుంది. తర్వాతి సారి ఐదు పౌండ్లు కట్టించుకుని, వస్తే తిరిగిస్తానన్నాను. ఇద్దరే మానేశారు. మీ సంక్రాంతి ముగ్గుల పోటీకి కూడా ఇలా చేసి చూడు.

అసలు తలనొప్పి మా మీటింగుల్లో ఎవరికి మాట్లాడే ఛాన్సివ్వాలన్నది. వడ్డించేవాడు మనవాడైతే కడబంతిలో కూర్చున్నా పర్లేదంటారే, ఇక్కడ గరిటె నా చేతిలో ఉంది, తెలిసినవాళ్లంతా ముందు బంతిలోకొచ్చి కూర్చుంటున్నారు. నేనూ మొహమాటపడి మొదటేడాది ఇద్దరికి వడ్డించేశాను, అబద్ధం చెప్పను. ఇప్పుడు పేర్లు తీసేసి, ఏం మాట్లాడతారో రాసిచ్చిన సారాంశాలు మాత్రమే చదివి ఎంచుకుంటున్నాం. నాకు పాఠం చెప్పిన పెద్దాయన సారాంశం ఎంపిక కాలేదు. ఆయన నాతో రెండు నెలలు ముభావంగా ఉన్నాడు.

ఇంకోటి. డిసెంబర్లో సొసైటీ వార్షిక సమావేశం, అప్పుడు లంచ్ టైమ్‌లో మా గ్రూపుకొక గది ఇచ్చారు. పాతకాపులంతా ఒక బల్ల చుట్టూ చేరి వాళ్లలో వాళ్లే మాట్లాడుకుంటున్నారు. గుమ్మం దగ్గర ఒకమ్మాయి, చేతిలో ప్లేటు, లోపలికి రాదు, వెళ్లదు. నా బ్యాడ్జీ మీద ఇంటిపేరు చూసి "సర్, మీరు తెలుగువాళ్లేనా?" అంది. వాళ్లది హన్మకొండ. మిషన్ కాకతీయలో చెరువుల పూడిక తీసి పొలాలకి తోలారు కదా, ఆ మట్టిలో ఏళ్ల తరబడి నిద్రపోతున్న గింజలూ, చిన్న పురుగుల గుడ్లూ ఏమైనట్టు అన్నది తన ప్రశ్న. ఒరేయ్, నేను ఆ చెరువుల్లో ఈత కొట్టి పెరిగినవాణ్ణి, ఒక్కరోజు కూడా ఆ ఆలోచన రాలేదు.

ఇంగ్లండ్‌లోనే నార్‌ఫోక్ అనే చోట, ఎప్పుడో పూడ్చి పొలాలు చేసేసిన కుంటల్ని మళ్లీ తవ్వితే, నూట యాభై ఏళ్ల దాకా మట్టికింద ఉన్న గింజలు మొలిచాయి. ఆ పని బాగా తెలిసినాయన ఆ బల్ల దగ్గరే శాండ్‌విచ్ తింటున్నాడు. తీసుకెళ్లి పక్కన కూర్చోబెట్టాను, అంతే. గంట తర్వాత గది ఖాళీ చేయమని వచ్చినా ఇద్దరూ లేవలేదు, పేపర్ నాప్‌కిన్ మీద చెరువు బొమ్మలు గీసుకుంటున్నారు. ఈ రెండేళ్లలో నేను పనికొచ్చే పనేదైనా చేశానంటే ఆ కుర్చీ జరపడమే అనిపిస్తోంది.

వచ్చే డిసెంబర్‌తో నా వంతు అయిపోతుంది. నా తర్వాత నువ్వు చూసుకుంటావా అని ఆ అమ్మాయికే మెయిల్ పెట్టాను. వారమైంది, జవాబు లేదు. మీ అసోసియేషన్ తాళాలు నువ్వెవరి చేతిలో పెట్టావో, వాళ్లని ఎలా ఒప్పించావో కాస్త వివరంగా రాయరా.

నీ
సత్తి